పీఎం స్వనిధి రుణం: తిరుపతి వీధి వ్యాపారులకు ఎంతవరకు అక్కరకు వచ్చింది?

గోవిందరాజస్వామి ఆలయం చుట్టూ, గాంధీ రోడ్డులో, కపిలతీర్థం దారిలో తోపుడుబండ్ల మీదా, నేల మీద పట్ట పరుచుకునీ గుండు టోపీలు, స్వామివారి పటాలు, చేతి దారాలు, చెక్క బొమ్మలు అమ్ముకునేవారికి కరోనా కాలంలో అందిన ప్రధానమైన ఆసరా పీఎం స్వనిధి రుణం. వీధి వ్యాపారుల కోసం 2020 జూన్ 1న మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ పథకం కింద మా బంధువుల్లో ఇద్దరూ, మా వీధిలో మరికొందరూ అప్పు తీసుకున్నారు. వారి దరఖాస్తులు నింపడంలోనూ, బ్యాంకుకు తోడు వెళ్లడంలోనూ నేను పాలుపంచుకున్నాను. ఆ అనుభవంతో ఈ సేవ మంచిచెడ్డలను ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మన ఊరి వ్యాపారం తీరును గుర్తుచేయాలి. ఇక్కడి చిన్న వ్యాపారికి గిరాకీ ఊళ్లోవారి నుంచి కాదు, కొండకు వచ్చిపోయే యాత్రికుల నుంచి వస్తుంది. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆగిపోయాయి, అంటే దేశవ్యాప్త లాక్‌డౌన్‌కు ముందే తిరుపతిలో బేరాలు పడిపోయాయి. జూన్ 11న సామాన్య భక్తులకు దర్శనం మళ్లీ మొదలైనా రోజుకు 6,000 మందినే అనుమతించారు. అంతకుముందు రోజూ 60 వేలకు పైగా జనం వచ్చే చోట ఆ సంఖ్య వీధి చివరి బండి దాకా చేరదు. ఆ ఏడాది సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా జరిగాయి. ఏడాదిలో నాలుగు డబ్బులు వెనకేసుకునే ఆ తొమ్మిది రోజులూ చేజారిపోయాయి. మిగతా ఊళ్లలో కూరగాయల బండి లాక్‌డౌన్ సడలగానే నడిచింది. ఇక్కడ టోపీల బండికి మాత్రం రైళ్లు నడవాలి, దర్శనం టోకెన్లు పెరగాలి, పక్క రాష్ట్రాల వారికి ప్రయాణం చేసే ధైర్యం రావాలి.

అటువంటి సమయంలో పూచీకత్తు లేకుండా 10,000 రూపాయలు, ఏడాదిలో నెలవాయిదాలుగా తీర్చే వీలుతో, బ్యాంకు నుంచి రావడం చిన్న విషయం కాదు. దాని విలువ తెలియాలంటే బజారులో దొరికే రోజువారీ అప్పుతో పోల్చి చూడాలి. పది వేలు రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేసుకునే పద్ధతి వీధి వ్యాపారులందరికీ తెలిసిందే. ఒక అప్పు తీరగానే మరొకటి తీసుకుంటూ పోతే ఏడాదికి 3,600 రూపాయలకు పైగా వడ్డీకే పోతుంది. అదే స్వనిధిలో బ్యాంకు 12 శాతం వడ్డీ వేసిందనుకుంటే నెలవాయిదా సుమారు 888 రూపాయలు, ఏడాది వడ్డీ మొత్తం సుమారు 660 రూపాయలు. వాయిదాలు సక్రమంగా కట్టినవారికి కేంద్రం 7 శాతం వడ్డీ రాయితీని ఖాతాలో జమ చేస్తుంది కాబట్టి చివరికి మోసే భారం మూడు వందల లోపే. నేను ఈ పథకాన్ని మెచ్చుకోవడానికి అసలు కారణం ఈ తేడాయే. మా వీధిలో రోజువారీ వసూలుదారు రాక ఆగిన ఇళ్లలో ఎంత నిమ్మళం వచ్చిందో కళ్లారా చూశాను.

దరఖాస్తు ప్రక్రియ మాత్రం పేదవారిని దృష్టిలో పెట్టుకుని రూపొందించినట్టు అనిపించదు. ఆధార్‌కు ఫోన్ నంబరు జతచేసి ఉండాలి. ఎప్పుడో మార్చేసిన పాత నంబరే చాలామందికి అడ్డుపడింది. వీధి వ్యాపారుల సర్వేలో పేరు ఎక్కనివారు సిఫార్సు లేఖ కోసం మున్సిపల్ సిబ్బంది చుట్టూ తిరగాలి. మంజూరైందని ఫోన్‌కు సందేశం వచ్చిన తరువాత కూడా ఒక బ్యాంకు శాఖలో మా బంధువును పదేపదే తిప్పారు. రోజంతా బండి దగ్గర నిలబడితేనే పూట గడిచే మనిషికి బ్యాంకులో గడిపిన ప్రతి పూటా నష్టమే.

అంతకంటే పెద్ద లోపం వాయిదాల తీరులో ఉంది. రిజర్వు బ్యాంకు ఇచ్చిన మారటోరియం, అంటే వాయిదాలు కట్టకుండా ఆగే వెసులుబాటు, 2020 ఆగస్టు 31తో ముగిసింది, ఈ రుణాలు చాలామంది చేతికి అందింది ఆ తరువాతే. జనం పూర్తిగా తిరిగి రాకముందే వాయిదాలు మొదలయ్యాయి. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ పెట్టినప్పుడు బేరం లేకపోయినా వాయిదా ఆగలేదు. పైగా అప్పటికే ఇంటి అద్దె, కిరాణా బాకీ పేరుకుపోయి ఉండటంతో సరుకు కోసం తెచ్చిన పది వేలలో సగం వాటికే పోయింది. పెట్టుబడికి ఇచ్చే అప్పు పోయిన నెలల సంపాదనను పూడ్చలేదు. దానికి నేరుగా సాయం అంది ఉండాల్సింది. రాష్ట్ర ప్రభుత్వం 2020 నవంబరులో చిన్న వ్యాపారుల కోసం ప్రారంభించిన జగనన్న తోడు రుణ పథకం వడ్డీ భారాన్ని పూర్తిగా తీసివేసింది కానీ అదీ అప్పే. ఇక చిన్న మెస్సులు, లాడ్జీలు నడిపేవారి కోసం వచ్చిన అత్యవసర రుణ హామీ పథకం 2020 ఫిబ్రవరి 29 నాటికి బ్యాంకులో అప్పు ఉన్నవారికే పరిమితమైంది. అప్పు చేయకుండా నెట్టుకొచ్చిన వ్యాపారికి అందులో చోటు దక్కలేదు.

క్యూఆర్ కోడ్‌తో చెల్లింపులు తీసుకుంటే ఈ పథకం కింద ఇచ్చే క్యాష్‌బ్యాక్ స్వల్పమే అయినా, తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చే యాత్రికులు ఫోన్‌తోనే చెల్లిస్తున్నందున ఆ అలవాటు వ్యాపారానికి మేలు చేసింది.

2025 ఆగస్టులో పథకాన్ని 2030 మార్చి 31 వరకు పొడిగించి, ఒకటి తీర్చాక మరొకటిగా ఇచ్చే రుణాల్లో మొదటి విడతను 15,000కు, రెండో విడతను 25,000కు పెంచారు. మూడో విడత 50,000గానే ఉంది. ఇప్పుడు తీసుకోదలచినవారికి నా సలహా ఒకటే. బ్రహ్మోత్సవాలకో వేసవి సెలవులకో ముందు సరుకు కొనే సమయం చూసి అప్పు తీసుకోండి, రద్దీ నెలల్లో మిగిలిన డబ్బుతో వాయిదాలు ముందుగానే కట్టేయండి. ముందే తీర్చినందుకు ఈ పథకంలో జరిమానా ఏమీ లేదు.