జన ఔషధి కొట్టు: బైపాస్ అయిన షుగర్ మనిషి ఇంటి నుంచి ఒక రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది ఆస్పత్రి రివ్యూ కాదు. ఆపరేషన్ ఖర్చు అన్నయ్య కంపెనీ ఇన్సూరెన్స్‌లో పోయింది, దాంతో మాకు పేచీ లేదు. ఇంటికొచ్చాక మొదలయ్యే ఖర్చు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ ఖర్చులో మాకు నిజంగా పనికొచ్చింది హనుమకొండలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న జన ఔషధి కేంద్రం, అంటే కేంద్ర ప్రభుత్వ పథకం కింద కంపెనీ బ్రాండ్ పేరు లేని మందులు తక్కువ ధరకు అమ్మే కొట్టు, అందుకే రాస్తున్నా.

నాన్న టైలర్. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. బైపాస్‌లో గుండెకు వేసే నాళం చాలాసార్లు కాలి నుంచి కూడా తీస్తారు కదా, ఛాతీ కుట్లు బాగానే మానాయి గానీ పిక్క దగ్గర ఒకచోట గాయం మూసుకోదు, రోజూ పట్టీ తడిసిపోవడమే. షుగర్ ఎక్కువుంటే సన్నటి రక్తనాళాల్లో రక్తం సరిగ్గా ఆడదు, ఇన్‌ఫెక్షన్‌తో కొట్లాడాల్సిన తెల్లకణాలు కూడా మందగిస్తాయి, అందుకే మిగతావాళ్లకు త్వరగా మానేది వీళ్లకు నెలలు పడుతుంది. ఛాతీ ఎముక అతుక్కోవడానికే మామూలుగా 6 నుంచి 8 వారాలంటారు. ఇక ఆ కాలుతో మిషన్ తొక్కేదెట్లా? షట్టర్ దించేశాం, అద్దె మాత్రం నెల తిరగ్గానే కట్టాల్సిందే. డ్రెస్సింగ్‌కు ఇంటికొచ్చే నర్సుకు వచ్చినప్పుడల్లా ఇవ్వాలి, షుగర్ చూసుకునే స్ట్రిప్పుల డబ్బా ఒక్కటే వెయ్యికి అటూఇటూ, చెకప్‌కు వెళ్తే బండి కిరాయి. వీటన్నిటి మీద మందుల చీటీ. రెండు షుగర్ గోలీలు, ఇన్సులిన్, బీపీది, కొలెస్ట్రాల్‌ది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి, గ్యాస్‌ది. గ్యాస్‌ది తప్ప మిగతావి చాలావరకు ఏళ్ల తరబడి వాడాల్సినవే.

డిశ్చార్జ్ రోజు ఆస్పత్రి కిందే ఉన్న మెడికల్ షాపులో (పేరెందుకులే) నెలకు సరిపడా కట్టించారు, ఎమ్మార్పీ మీద రూపాయి తగ్గించలేదు. తర్వాత డాక్టర్ ఒక గోలీ మారిస్తే మిగిలిన స్ట్రిప్పులు వాపస్ తీసుకోబోమని షాపువాళ్లు అన్నారు. అవింకా మా అల్మారాలోనే ఉన్నాయి.

జన ఔషధి కొట్టు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ఇరుకు గది, తెల్లటి స్ట్రిప్పులు, రంగుల డబ్బాలు తక్కువ. నాకు నచ్చిందేంటంటే కౌంటర్‌లో ఉన్నతను చీటీ చూసి వెంటనే గోలీలు తీసి ఇవ్వలేదు. "మేడమ్, ఇందులో ఉన్నవి కంపెనీ పేర్లు. మందు పేరు, డోసు డాక్టర్ గారితో రాయించుకు రండి, నా అంతట నేను మార్చి ఇవ్వను" అన్నాడు. అప్పుడు విసుగొచ్చింది గానీ అతను చెప్పింది కరెక్ట్. షుగర్ గోలీల్లో మెట్‌ఫార్మిన్ మామూలుది వేరు, నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ వేరు. గ్లిమిపిరైడ్ అనే ఇంకో షుగర్ గోలీ 1 ఎంజీ బదులు 2 ఎంజీ వేసుకుంటే, ఆపరేషన్ తర్వాత ఆకలి లేక సగం అన్నమే తినే మనిషికి షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. డాక్టర్ కూడా ఏమీ అనుకోకుండా రాసిచ్చారు. గుండె మందుల్లో ఒకటి మాత్రం ఇప్పటికి అదే కంపెనీది కొనసాగించమన్నారు, అది బయటే కొంటున్నాం.

ధరల్లో తేడా ఎంతంటారా? ఉదాహరణకు సిటాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ 50/500 ఎంజీ కలిసిన షుగర్ గోలీ సంగతి చూడండి. 2022లో సిటాగ్లిప్టిన్ పేటెంట్ అయిపోయాక జన ఔషధిలో ఈ గోలీ 10కి 65 రూపాయలకు తెచ్చారు. అప్పట్లో బ్రాండెడ్ రకాలు 162 నుంచి 258 దాకా ఉన్నాయని కేంద్ర ప్రభుత్వమే చెప్పింది. రోజుకు రెండు వేసుకునే మనిషికి నెలకు ఆరు స్ట్రిప్పులు, అంటే అప్పటి ధరల్లో జన ఔషధిలో 390, బ్రాండెడ్ అయితే తక్కువలో తక్కువ 970. ఒక్క మందుకే ఇంత.

నాన్నకు మొదట్లో అస్సలు నమ్మకం కుదర్లేదు. "గింత తక్కువకు ఇచ్చే గోలీలు పనిచేస్తయా బిడ్డా?" అని రోజూ అదే మాట. నేను వాదించలేదు, మార్చిన రోజు నుంచి పరగడుపు షుగర్ నోట్‌బుక్‌లో రాసి చూపించా. పాత గోలీలప్పుడు ఎట్లా ఉందో కొత్తవాటితోనూ దాదాపు అట్లాగే ఉంది. మీరూ ఇదే చేయండి, డాక్టర్‌ను అడక్కుండా మార్చొద్దు, మార్చాక కొన్నాళ్లు షుగర్ ఎక్కువసార్లు చూసుకోండి.

ఐదు స్టార్లు ఎందుకివ్వట్లేదంటే, ఇలాంటి కొట్లలో చీటీలోవన్నీ ఒకేచోట దొరకడం కష్టం. నాలుగు ఇస్తున్నా. ఇన్సులిన్ మేం వేరే షాపులోనే కొంటున్నాం. దాని గురించి ఒక్క జాగ్రత్త: సీసాలో దొరికే మామూలు ఇన్సులిన్ మన దగ్గర ఎక్కువగా ఒక ఎంఎల్‌కు 40 యూనిట్లది, దానికి ఎర్రమూత సిరంజి. ఇన్సులిన్ పెన్నులో పెట్టే కార్ట్రిడ్జ్‌లు ఎంఎల్‌కు 100 యూనిట్లవి. ధర చూసి ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేటప్పుడు వేసుకునే సాధనం కూడా మారాలి, సీసాకు దాని సిరంజి, కార్ట్రిడ్జ్‌కు పెన్ను. పెన్నులోంచి ఎర్రమూత సిరంజితో లాగితే డోసు రెండున్నర రెట్లు ఎక్కిపోతుంది. పైసలు మిగుల్తాయని ఇక్కడ తొందరపడొద్దు.

బిల్లు సంగతి కూడా. చాలా పాలసీల్లో డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల వరకు ఆ ఆపరేషన్‌కు సంబంధించిన మందులు, పరీక్షల ఖర్చు తిరిగి వస్తుంది, ఆరోగ్య సంజీవని పాలసీలో కూడా ఇదే గడువు. పేషెంట్ పేరు, తేదీతో కంప్యూటర్ బిల్లు అడగండి, చీటీ జిరాక్స్ జతచేయండి. నర్సుకు ఇచ్చిన డబ్బులకు కాగితం లేక మాకు అవి రాలేదు. 60 రోజులు దాటాక అంతా మన జేబే, అసలు ఈ కొట్టు విలువ తెలిసేది అప్పుడే.

మిగిల్చిన డబ్బులతో నాన్న మిషన్‌కు కరెంటు మోటార్ పెట్టించాం, ఇప్పుడు పొద్దున పూట కాసేపు జాకెట్లు కుడుతున్నారు. ఎక్కువసేపు కూర్చుంటే కాలు వాస్తోంది, కాబట్టి గిరాకీ పూర్తిగా ఇంకా తీసుకోవట్లేదు.

వెళ్లేవాళ్లు ముందు జన ఔషధి సుగమ్ యాప్‌లో దగ్గర్లో కొట్టు ఎక్కడుందో, మీ మందు ధరెంతో చూసుకుని, స్టాక్ ఉందా లేదా అని ఫోన్ చేసి కనుక్కోండి. ఉన్న గోలీలు ఇంకో వారానికి వస్తాయనగానే వెళ్లండి, ఆఖరి గోలీ దాకా ఆగితే మళ్లీ ఎమ్మార్పీ కౌంటర్ ముందే నిలబడాల్సి వస్తుంది.