మంట ఉంది, వేడి లేదు: పెల్లెట్ స్టవ్‌తో అయిదు చలికాలాలు

ఈ స్టవ్ మీద నాకున్న కోపమంతా రూపాయి బిళ్లంత భాగం మీదే. మిగతా దానితో పెద్దగా పేచీ లేదు.

పెల్లెట్ స్టవ్ అంటే రంపపు పొట్టును అదిమి చేసిన గుళికలు కాల్చి గదిని వెచ్చబరిచే పొయ్యి. అమెరికాలో, న్యూ హాంప్‌షైర్‌లోని మా ఇంట్లో దీన్ని పెట్టించాక ఇది అయిదో చలికాలం. గుళికలు పోసే తొట్టి, వాటిని మంటలోకి తోసే మర సంగతులు వాడేవాళ్లందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. మొదటి ఏడాది ఎవరడిగినా "బూడిద ఎత్తి పోస్తే చాలు, ఇంకే పనీ ఉండదు" అని చెప్పేవాణ్ణి. ఆ మాట ఎవరైనా నమ్మి ఉంటే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

జనవరి రెండో వారం. బయట మైనస్ 18 డిగ్రీలు. గుంటూరు నుంచి మా అమ్మ వచ్చి ఉంది. ఆవిడ దృష్టిలో ఇది మొదటినుంచీ కుంపటే. ఆ సాయంత్రం ఉన్నట్టుండి "ఒరేయ్, నీ కుంపటి ఇవాళ రొద చేయడం లేదేమిటిరా?" అని అడిగింది. అయిదేళ్లుగా ఆ రొద మీద విసుక్కుంటున్నది నేను. అది ఆగిన సంగతి మాత్రం నాకు తెలియనేలేదు.

వెళ్లి చూస్తే అద్దం వెనక మంట బ్రహ్మాండంగా ఉంది. ముందు చెయ్యి పెడితే గాలి లేదు. ఇందులో రెండు ఫ్యాన్లు ఉంటాయి. ఒకటి పొగను బయటికి తోస్తుంది. రెండోది గదిలో గాలిని పీల్చి, మంట వేడికి కాగిన గొట్టాల మీదుగా పంపి, మళ్లీ గదిలోకి వదులుతుంది. మొదటిది ఆగితే మంటే నిలవదు. రెండోది ఆగితే మంట మండుతూనే ఉంటుంది, వేడిలో కొంత పొగగొట్టం పాలు, తక్కినది పొయ్యిలోనే పోగుపడుతుంది. కాసేపటికి రక్షణ స్విచ్ తెగి, గుళికలు పడటం ఆగి, అంతా చల్లారిపోతుంది. మా ఇంట్లోనూ 20 నిమిషాల్లో అదే జరిగింది. తెర మీద మాత్రం వేడి ఎక్కువైందన్న హెచ్చరిక! ఇక్కడ మేం శాలువాలు కప్పుకుంటుంటే అది చెప్పే కబురు అది. ఫ్యాన్ తిరగడం లేదన్న ఒక్క ముక్క చెప్పడానికి దానికి నోరు రాదు.

అమ్మిన దుకాణానికి ఫోను చేశాను. స్టవ్‌ను చూడకుండానే, మోటారు పోయి ఉంటుందనీ, కొత్తది 300 డాలర్లనీ, మనిషి రావడానికి పది రోజులు పడుతుందనీ తేల్చేశారు. నాకు మొండితనం వచ్చింది.

ప్లగ్గు పీకేసి, పూర్తిగా చల్లారాక పక్క రేకు విప్పాను. ఫ్యాన్ రెక్కల మధ్య దుమ్ము గొంగళి నేసినట్టు పేరుకుపోయింది. అయినా వేలితో తిప్పితే తేలిగ్గానే తిరిగింది, అంటే ఎక్కడా బిగుసుకుపోలేదు. కరెంటు దారి తెగిందో లేదో చూపించే మల్టీమీటర్‌తో మోటారు తీగలు చూస్తే లోపలి చుట్ట తెగలేదని తెలిసింది. మోటారు బాగానే ఉంది, దానిదాకా కరెంటు రావడం లేదన్నమాట.

తీగ పట్టుకుని వెనక్కి వెళ్తే స్నాప్ డిస్క్ అనే ఆ బిళ్ల కనిపించింది. రెండు లోహాలు అతికించిన చిన్న రేకు లోపల ఉంటుంది. వేడెక్కితే టక్కున వంగి కరెంటు కలుపుతుంది. పొయ్యి కాగకముందే చల్లగాలి మన ముఖాన కొట్టకుండా ఈ ఏర్పాటు. నాదాని మీద ఎఫ్110 అని ఉంది. 110 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 43 డిగ్రీలు.

అచ్చం అలాంటిదే ఇంకో బిళ్ల ఉంటుంది, ఎల్ అక్షరంతో, నడుమ ఎర్ర బొత్తాంతో. పొయ్యి అతిగా కాగితే తెంపేది అదే. దాన్ని తప్పించి తీగలు కలిపి స్టవ్ నడిపితే ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. ముక్క తీగ చేతబట్టి నేను ముందుగా చెయ్యి పెట్టబోయింది దాని మీదే! టార్చిలైటు పట్టుకున్న అమ్మ "ఆ ఎర్రది ముట్టుకోకురా" అంది. కరెంటు వస్తువు మీద ఎరుపు కనిపిస్తే ఆవిడకు అనుమానం.

ఎఫ్ బిళ్లను విప్పి, వంటింటి గట్టు మీద పెట్టి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వేడి చేశాను. మంచిదైతే టక్కుమనాలి, మీటరు కూయాలి. రెండూ జరగలేదు. దాని తీగలు రెండూ తాత్కాలికంగా కలిపి, ప్లగ్గు పెట్టి స్టవ్ వేస్తే ఫ్యాన్ వెంటనే రొద మొదలుపెట్టింది. అది పరీక్ష కోసమే కాబట్టి మళ్లీ విప్పేసి, కొత్త బిళ్ల వచ్చేదాకా మూడు రోజులూ ఇల్లు వెచ్చబరిచే పాత ఆయిల్ ఫర్నేసుతో గడిపాం. దాని ఖరీదు 16 డాలర్లు. 300 ఎక్కడ, 16 ఎక్కడ!

అసలు ఆశ్చర్యం బిగించాక ఎదురైంది. విప్పాను కదా అని పాత టూత్‌బ్రష్‌తో రెక్కల మీది దుమ్మంతా గీకేశాను. దాంతో రెండేళ్లుగా చూడనంత జోరుగా వేడిగాలి వచ్చింది. నిరుటి చలికాలం వేడి చాలడం లేదని గుళికలను తిట్టుకుని, సంచికి రెండు డాలర్లు ఎక్కువ పోసి వేరే రకానికి మారాను. పాపం, వాటి తప్పేమీ లేదు. "ఇంకే పనీ ఉండదు" అన్న నా మాటలో ఏడాదికోసారి రేకు విప్పి దుమ్ము దులపడం కూడా కలుపుకోండి.

కొనమంటావా అని అడిగితే, మా పరిస్థితి చెబుతాను. మా వీధికి గ్యాసు లైను లేదు. షెడ్డులో టన్ను గుళికలకు, అంటే 50 సంచులకు, చోటుంది. 18 కిలోల సంచి ఎత్తగల నడుము ఇంకా ఉంది. గ్యాసు ఉన్నవాళ్లు నా మాట పట్టించుకోనక్కరలేదు. తరచుగా కరెంటు పోయే చోట ఉన్నవాళ్లు మాత్రం రెండుసార్లు ఆలోచించుకోవాలి. మంచుతుఫానులో తీగలు తెగితే ఫ్యాన్లతోపాటు ఇదీ ఆగిపోతుంది, అంతవరకు మండుతున్న గుళికల పొగ కాస్త ఇంట్లోకీ వస్తుంది.

బిళ్లలు రెండు తెప్పించాను. రెండోది కవరులో పెట్టి, ఎఫ్110 అని పెద్ద అక్షరాలతో రాసి, స్టవ్ వెనక గోడకు తగిలించాను.