ఊగీ రియాక్షనా, బిజినెల్లీ రియాక్షనా? చిన్న ల్యాబ్‌కు ఏది మేలు?

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో చేరాలనుకునే మన శ్రీకాకుళం జిల్లా కెమిస్ట్రీ పిల్లలకు స్టెప్ తర్వాత స్టెప్ చేసే పద్ధతి బాగా తెలుసు. ఒకే మందును టన్నుల్లో తీయాలంటే అదే దారి. కానీ ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు కాంపౌండ్ లైబ్రరీ తయారు చేయాలంటే, అంటే మూలనిర్మాణం ఒకటే ఉంచి చుట్టూ గ్రూపులు మారుస్తూ పదుల కొద్దీ అణువులు చేయాలంటే, అది పనికిరాదు. స్టెప్‌కు 80 శాతం ఈల్డ్ (దిగుబడి) వచ్చినా నాలుగో స్టెప్ అయ్యేసరికి మిగిలేది 41 శాతమే. పైగా ప్రతిసారీ వర్కప్పు (రియాక్షన్ అయ్యాక కడిగి పదార్థాన్ని బయటకు తీయడం), ఆపై కాలమ్ (సిలికా నింపిన గొట్టంలో శుద్ధి చేయడం).

అన్నీ ఒకే ఫ్లాస్కులో వేసే మల్టీకాంపొనెంట్ రియాక్షన్లే ఇక్కడ దిక్కు. వాటిలో కాగితం మీద గెలిచేది 1959 నాటి ఊగీ రియాక్షన్. ఆల్డిహైడ్, అమీన్, కార్బాక్సిలిక్ ఆమ్లం, ఐసోసయనైడ్: ఒక్కోటి పది రకాలుంటే 10,000 కాంబినేషన్లు. సాధారణంగా మిథనాల్, గది ఉష్ణోగ్రత చాలు. బయటకు పోయేది ఒక్క నీటి అణువు.

తిప్పలన్నీ ఐసోసయనైడ్‌తోనే. మూత తీస్తే వరండా దాకా కంపు. గాజుసామాను ఆమ్లంతో కడిగితే వాసన విరుగుతుంది గానీ, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటకు లాగే అర) సరిగా లాగకపోతే ఎవరూ ల్యాబ్‌లో నిలబడలేరు. ధర ఎక్కువ, దొరికే రకాలు తక్కువ. ఆ పది కాస్తా రెండో మూడో అవుతాయి. రొటామర్ల వల్ల (ఒకే అణువు బంధం చుట్టూ తిరిగి తీసుకునే వేర్వేరు రూపాల వల్ల) ఎన్‌ఎంఆర్‌లో, అంటే అణువు నిర్మాణం చూపే యంత్రంలో, పీకులు జంటలుగా కనిపిస్తే మళ్లీ టెన్షన్.

1891 నాటి బిజినెల్లీలో ఇంత హంగు లేదు. ఆరోమాటిక్ ఆల్డిహైడ్, ఇథైల్ అసిటోఅసిటేట్, యూరియా. అవును, మన పొలాల్లో చల్లే యూరియానే. కొంచెం ఆమ్లం వేసి ఇథనాల్‌లో రిఫ్లక్స్ చేసి (ఆవిరి తిరిగి ఫ్లాస్కులోకే పడేలా మరిగించి) చల్లారిస్తే చాలాసార్లు ఘనపదార్థమే దిగుతుంది. ఫిల్టర్ చేసి రీక్రిస్టలైజ్ చేస్తే (కరిగించి మళ్లీ స్ఫటికాలుగా తీస్తే) సరి, కాలమ్ బాధ తప్పుతుంది. అలిఫాటిక్ (బెంజీన్ లాంటి వలయం లేని) ఆల్డిహైడ్లతో మాత్రం ఈల్డ్ పడిపోతుంది. పది ఆల్డిహైడ్లు, ఇథైల్ అసిటోఅసిటేట్ లాంటి మూడు కీటోఎస్టర్లు, యూరియా లేదా థయోయూరియా: మొత్తం 60. అరవయ్యేనా అనకండి. కణవిభజనను ఆపుతుందని 1999లో తేలిన మోనాస్ట్రోల్ అనే అణువు ఈ కుటుంబానిదే.

హుడ్, సిలికా, ఎన్‌ఎంఆర్ మూడూ అందుబాటులో ఉంటేనే ఊగీ జోలికి వెళ్లండి. లేకపోతే నా ఓటు బిజినెల్లీకే. తర్వాత సదుపాయాలు కుదిరితే, బెంజైల్ అసిటోఅసిటేట్‌తో బిజినెల్లీ చేసి, హైడ్రోజన్‌తో బెంజైల్ తీసేసి, వచ్చిన ఆమ్లాన్ని ఊగీలో వాడుకోవచ్చు.