కేకు ఎరుపుకి కార్మైనా, బీట్‌రూటా?

కడప, అనంతపురం బేకరీల్లో సింథటిక్ వద్దనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ఎరుపులు ఈ రెండే.

కార్మైన్ (ఐఎన్‌ఎస్ 120; ఐఎన్‌ఎస్ అంటే ఆహారంలో కలిపే రంగుల్లాంటి వాటికి లేబుల్ మీద రాసే అంతర్జాతీయ నంబరు) పురుగు రంగు. మన చేల గట్ల మీద కనిపించే నాగజెముడు జాతి మొక్కల మీద బతికే కోచినీల్ ఆడపురుగుల్ని ఎండబెట్టి తీస్తారు. ఎక్కువగా పెరూ నుంచి వస్తుంది. ఓవెన్ వేడికీ వెలుతురికీ చెక్కుచెదరదు. పులుపు మరీ ఎక్కువైన షర్బత్‌లో మాత్రం అడుక్కి దిగిపోతుంది. కొద్దిమందికి తీవ్రమైన అలర్జీ రావచ్చు.

బీట్‌రూట్ (ఐఎన్‌ఎస్ 162) క్రీముకి భేష్, కేకు పిండికి దండగ. వేడికి గోధుమరంగుకి తిరుగుతుంది, వంటసోడా పడితే ఇంకా త్వరగా. నాలుగు చుక్కల నిమ్మరసం కొంత కాపాడుతుంది, అంతే. పావుకిలో క్రీముకి ఒక టీస్పూను పొడితో మొదలుపెట్టండి; ఎక్కువైతే మట్టి వాసన.

అసలు తిరకాసు లేబుల్ దగ్గర. కార్మైన్ వేసి 'సహజ రంగు' అని రాసి, పచ్చచుక్క పెడితే అది మోసమే. పాలు, తేనె లాంటివి మినహా జంతువుల నుంచి వచ్చిందేదైనా మన నిబంధనల్లో మాంసాహారమే, గోధుమరంగు త్రికోణం పడాలి. అమెరికాలో 2011 నుంచి కార్మైన్ పేరు రాయడం తప్పనిసరి. అన్నట్టు, కార్మోయిసిన్ (122) చూసి పురుగనుకోకండి, అది సింథటిక్.