క్రూగర్‌లో చిన్‌స్పాట్ బాటిస్‌ను చూడాలంటే ఏ క్యాంపులో దిగాలి?

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కులో సింహాలనైతే కారులోంచే చూడొచ్చు. చిన్‌స్పాట్ బాటిస్ అనే చిన్న పిట్ట కోసమైతే బస చాలా ముఖ్యం. క్యాంపు కంచె లోపల, అనుమతి ఉన్న కొన్ని చోట్ల తప్ప పార్కులో కారు దిగకూడదు. ఆకుల మధ్య పురుగులు ఏరుకుంటూ తిరిగే 12 గ్రాముల పిట్టను కారు కిటికీలోంచి వెతకడం కష్టం.

అందుకే నేను ప్రిటోరియస్‌కాప్‌నే ఎంచుకోమంటాను. పార్కులో అన్నిటికంటే పాత క్యాంపు అది, నంబి గేటుకు దగ్గర. చెట్లు బాగా ఉన్నాయి, జనం తక్కువ, పొద్దున్నే లోపల హాయిగా నడవొచ్చు. స్కుకుజా క్యాంపులో హోటలు, షాపు, పెట్రోలు అన్నీ ఉన్నాయి, పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే సుఖం. కానీ రద్దీ ఎక్కువ. లోయర్ సాబీ క్యాంపులో నది ఒడ్డున కూర్చుని హిప్పోలను చూడటం ఎంతో బాగుంటుంది, ఈ పిట్ట కోసమే అయితే అంత దూరం అక్కర్లేదు.

ముందు చెవులకు పని చెప్పండి. సన్నటి ఈల, మూడు స్వరాలు, ఒకదానికంటే ఒకటి కిందికి దిగుతాయి. అటు చూస్తే బూడిదరంగు తల, కళ్ల మీదుగా నల్లటి పట్టీ, పసుపు కళ్లు, తెల్లటి పొట్ట. మగదానికి ఛాతీ మీద నల్ల పట్టీ ఉంటుంది. ఆడదానికి ఆ పట్టీ ముదురు గోధుమ రంగులో ఉంటుంది, గొంతు మీద అదే రంగు మచ్చ కూడా. ఆ మచ్చ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. జంటగానే తిరుగుతాయి కాబట్టి ఒకటి కనిపిస్తే రెండోదాని కోసం కాసేపు ఆగండి, ఆ రెండిటినీ పక్కపక్కన చూడటంలో ఉన్న ఆనందమే వేరు.

బ్రుబ్రు అనే పిట్టతో పొరపడే అవకాశం ఉంది. దాని ముక్కు లావు, కంటిపైన తెల్లటి గీత, పక్కల గోధుమ రంగు. కూత పాతకాలపు ఫోన్ మోగినట్టు ఉంటుంది. పార్కు బయట గ్రాస్కాప్ ఊరి వైపు కొండల దట్టమైన అడవుల్లో కనిపించేది కేప్ బాటిస్ అనే వేరే పిట్ట, దానికి పక్కలు, రెక్కలు ఎర్రగోధుమ రంగు.

మేము డబ్బు కట్టి ఎక్కిన ఒక సఫారీ బండి పిట్టల కోసం ఎక్కడా ఆగలేదు. బుక్ చేసేటప్పుడే పిట్టలు చూడాలని గట్టిగా చెప్పండి. చిన్‌స్పాట్ బాటిస్ ఏడాది పొడవునా అక్కడే ఉండే పిట్ట. జూన్ నుంచి ఆగస్టు వరకు ఆకులు పలచబడి చూడటం తేలిక, దోమలు కూడా తక్కువ. అయినా అది మలేరియా ప్రాంతం, బయలుదేరేముందు డాక్టర్‌ను అడిగి మందులు తీసుకోండి.