పందెం సొమ్మా, టైరు సొమ్మా: రేసింగ్ ఎవరికి బాకీ?

గాజువాకలో మా బావ మెకానిక్ షెడ్డు ఆదివారం మధ్యాహ్నానికే కట్టేస్తాడు. యూరప్‌లో ఫార్ములా వన్ రేసున్న వారం మాత్రం సాయంత్రం ఆరున్నరకి షట్టర్ సగం లేచి ఉంటుంది. లోపల ఇంజనాయిల్ వాసన, స్పార్క్‌ప్లగ్ డబ్బాకి ఆనించిన ఒక ఫోను, నలుగురం మనుషులం. 2024లో అలా చూస్తుండగా ఆకుపచ్చ కారు మీద స్టేక్ అన్న బెట్టింగ్ కంపెనీ పేరు కనబడింది. నేను మొహం చిట్లించాను.

"ఏటి బావా, అలా సూస్తావు? ఆళ్ల డబ్బుల్లేకపోతే ఆ కారు ట్రాకెక్కునా?" అన్నాడాయన.

వాదన అక్కడ మొదలై ఇంకా తెగలేదు. బెట్టింగ్ కంపెనీలు రేసింగ్‌ని పోషిస్తున్నాయి కాబట్టి రేసింగ్ వాళ్లకి బాకీ అంటాడు బావ. టైర్లవాళ్లకీ బండ్లవాళ్లకీ బాకీ అంటాను నేను.

మన భాషలోనే ఒక చిక్కుంది. పరుగు పందెంలోనూ పందెమే, కోడి పందెంలోనూ పందెమే. సంక్రాంతికి భీమవరం వైపు వెళ్లొచ్చినవాళ్లకి తెలుసు, బరిలో కోళ్ల చప్పుడు కంటే చుట్టూ పైపందేల కేకలే ఎక్కువ. డబ్బు తీసేస్తే ఆ కోడికి బాదంపప్పు పెట్టి మేపేవాడుండడు. కోడి పందెం పందెం డబ్బుకి బాకీ అంటే కాదనను. కార్ల దగ్గర కూడా అదే అడుగుదాం: ఆ డబ్బు తీసేస్తే ఆట మిగులుతుందా?

1907లో ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ కట్టినప్పుడు గుర్రప్పందేల పద్ధతులన్నీ ఎత్తుకొచ్చి పెట్టారు. మొదట్లో డ్రైవర్లు జాకీల్లా రంగు రంగుల పైచొక్కాలు వేసుకునేవారు, బుకీలూ వచ్చి కూర్చునేవారు. ప్యాడాక్ (రేసుకి ముందు సిద్ధమయ్యే చోటు), స్టీవార్డ్ (రేసులో తప్పొప్పులు చూసే అధికారి) అన్న గుర్రప్పందేల మాటలు ఇప్పటికీ పోలేదు. బావకి ఇక్కడ ఓ అర మార్కు ఇచ్చాను.

నిజంగా పందెం మీద బతికే మోటార్ రేసు చూడాలంటే జపాన్ వెళ్లాలి. ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ 1950లో మొదలైంది. అదే ఏడాది జపాన్‌లో ఆటో రేస్ మొదలైంది. బైకు పందేల మీద జనం డబ్బు కాయడానికి చట్టమే చేశారు. నడిపేది స్థానిక ప్రభుత్వాలు. ఐదొందల మీటర్ల చుట్టు, ఎనిమిది మంది రైడర్లు, బండికి బ్రేకుల్లేవు. కాసిన డబ్బులో కొంత ఊరి ఖజానాకి, కొంత యంత్ర పరిశ్రమల అభివృద్ధికి పోతుంది. దొంగచాటు వ్యవహారం కాదు, పద్దు రాసుకునే వ్యాపారం. ఆ మేరకు బెట్టింగ్‌లో ఇంతకంటే మర్యాదైన పద్ధతి నాకు కనబడలేదు.

కానీ దానికోసం ఆటని ఏం చేశారో చూడండి. అందరికీ ఒకే కంపెనీ ఇంజను. బాగా తోలేవాడు వెనక గీత నుంచి బయల్దేరాలి, లేకపోతే ఫలితం ముందే తెలిసిపోయి పందెం ఎవడూ కాయడు. రేసు రోజుల్లో రైడర్లని బయటివాళ్లతో మాట్లాడనివ్వరు, ఫోన్లు తీసేసుకుంటారు. డబ్బు ఎటుంటే ఆట అటు వంగింది. ఫార్ములా వన్‌ది సరిగ్గా ఎదురు దారి. మెరుగైన కారు కట్టినవాడు గెలుస్తూనే ఉంటాడు. 1988లో మెక్‌లారెన్ జట్టు పదహారు రేసుల్లో పదిహేను గెలిచింది, 2023లో వెర్‌స్టాపెన్ అన్న డ్రైవరు ఇరవై రెండింట్లో పంతొమ్మిది. పందెం కాసేవాడికి ఇంత చప్పటి ఆట ఇంకోటుండదు. అయినా జనం చూశారు. ఆ చూసినవాళ్లలో, తిట్టుకుంటూనే, బావా ఉన్నాడు.

భయం వేరే ఉంది. 1933లో లిబియాలో ట్రిపోలీ గ్రాండ్ ప్రి అన్న కార్ల రేసుకి లాటరీ తగిలించారు. డ్రా తీసిన ఒక్కో టికెట్‌కి ఒక్కో డ్రైవరు. ఆ డ్రైవరు గెలిస్తే టికెట్ ఉన్నవాడి పంట పండినట్టే. డ్రా రేసుకి కొన్ని రోజుల ముందే తీశారు. ఇక టికెట్ ఉన్నవాడు డ్రైవరు గుమ్మం తొక్కకుండా ఉంటాడా? ఆఖరి గీత దగ్గర నువోలారి అన్న డ్రైవరుని వెంట్రుకవాసిలో దాటి వర్జీ అన్న డ్రైవరు గెలిచాడు. ముందే మాట్లాడుకున్నారన్న కథ దశాబ్దాలు నడిచింది. అందులో చాలా కల్పన ఉందని తర్వాతి చరిత్రకారులు తేల్చినా, మరుసటి ఏడాది డ్రా రేసు దగ్గరికి జరిపారు. ఏ పందెం లేకుండానే 2008 సింగపూర్‌లో రెనో జట్టు తన ఇంకో డ్రైవరుకి కలిసిరావాలని ఒక డ్రైవరు చేతే కారు గోడకి కొట్టించింది. దానికి పందెం కూడా కలిస్తే ఇంక చెప్పేదేముంది?

టైరు డబ్బు ఇలా వంచదు. మన దేశంలో రేసింగ్ అంటూ మిగిలిందంటే అది ఎంఆర్ఎఫ్, జేకే టైర్, టీవీఎస్ లాంటి వాళ్ల చలవ. కోయంబత్తూరులో కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఫార్ములా మారుతి కార్లు కట్టాడు. వాటిలో తోలినవాళ్లలో ఒకడు నారాయణ్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్లిన మొదటి భారతీయుడు. అందులో బుకీ పైసా ఏదీ? టైరువాడు కూడా ధర్మానికి ఇవ్వడు, వాడికి టైర్లమ్ముకోవాలి. కాకపోతే వాడి స్వార్థానికి టైరు బాగుండాలి, అంతే. బెట్టింగ్‌వాడి స్వార్థానికి ఎవడో ఒకడు ఓడాలి. బావ షెడ్డులో పనిచేసే కుర్రాడు క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకుని బండి తాకట్టు పెట్టాడు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు 2020లోనే నిషేధించారు, అయినా ఆ యాప్ వాడి ఫోన్లో ఉంది.

"మరి ఇప్పుడిస్తన్నారు గదా!" అంటాడు బావ. ఇస్తున్నారు. 2018లో ఫార్ములా వన్ మొదటిసారి బెట్టింగ్ ప్రచారానికి తలుపు తీసింది, ఒప్పందం పది కోట్ల డాలర్లని వార్తలొచ్చాయి. అప్పటికి చాంపియన్‌షిప్ పుట్టి అరవై ఎనిమిదేళ్లు. అంతకుముందు సిగరెట్లవాళ్లూ ఇలాగే, 1968లో లోటస్ జట్టు కారుకి గోల్డ్ లీఫ్ సిగరెట్ల రంగులు పూయడంతో మొదలుపెట్టి, తామే రేసింగ్‌ని నిలబెట్టామనుకున్నారు. 2005లో యూరప్ పొగాకు ప్రకటనలు నిషేధించింది. ఒక్క రేసూ ఆగలేదు. స్టేక్ సంగతీ అంతే. బెట్టింగ్ ప్రకటనలు కుదరని దేశాల్లో ఆ కారు వేరే పేరుతో తిరిగింది, 2026కల్లా ఆ జట్టే ఆడి (Audi) అన్న కార్ల కంపెనీ జట్టు అయిపోయింది. గోడ మీద పోస్టరు అంటించినవాడు ఇల్లు నేనే కట్టానంటే ఎలా?

ఇంత చెప్పాక బావ ఫోను చేతికిచ్చాడు. "నువ్వు రేసు సూసిన యాప్ ఎవుల్ది?"

ఫ్యాన్‌కోడ్. 2024లో మన దేశంలో ఫార్ములా వన్ ప్రసార హక్కులు తీసుకున్నది వాళ్లే. అది డ్రీమ్11 ఉన్న గూటిదే, 2025 చట్టం వచ్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఆపేదాకా ఫాంటసీ క్రికెట్ మీద పెరిగిన గూడు. పాస్ డబ్బులు మేం కట్టాం, నిజమే. కానీ గూడు కట్టిన పుల్లలు ఎక్కడివో నాకూ తెలుసు. కోర్టుల్లో ఫాంటసీ క్రికెట్‌ని నైపుణ్యమన్నారు, జూదం కాదన్నారు అని గొణిగాను. బావ నవ్వి, "సర్లే, టీ సెప్పు" అని షట్టర్ కిందకి లాగాడు.