గ్యారేజీ మీద గదికి ట్రస్సులా, వాసాలా?

నార్త్ కరోలినాలో మా ఇంటి వెనక 24 అడుగుల వెడల్పు గ్యారేజీ, దాని మీద ఒక ఆఫీసు గది కట్టుకుందామనుకున్నప్పుడు నా బుర్ర తినేసిన ప్రశ్న ఇదే. కప్పుకి ఫ్యాక్టరీలో చెక్కలు త్రిభుజాలుగా బిగించి చేసిన ట్రస్సులు (కప్పు చట్రాలు) తెప్పించాలా, సైటులోనే చెక్క కోసి వాసాలు ఎత్తించాలా?

వాసాలైతే గది విశాలంగా వస్తుంది, కప్పు పైకి లేపి కిటికీలూ పెట్టుకోవచ్చు. కానీ వాలుగా ఉన్న వాసం కింది కొసతో గోడను బయటికి నెడుతుంది. మామూలు ఇంట్లో గోడల తలలను అడ్డ చెక్కలు కలిపి పట్టి ఉంచుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. గ్యారేజీ పైన 4 అడుగుల పొట్టి గోడ లేపి దాని మీద వాసాలు ఆనించారనుకోండి, ఫ్లోరేమో 4 అడుగుల కిందే ఉండిపోతుంది, గోడ తలను పట్టుకునేది ఏదీ ఉండదు, కింది గోడా పై గోడా కలిసిన చోట మడతబందులా బయటికి వంగడం మొదలవుతుంది.

దీనికి మందు మన పెంకుటిళ్లలోనే ఉంది: నడికొప్పున నిజంగా బరువు మోసే దూలం. దాని బరువు రెండు చివర్ల గుంజల మీదుగా పునాదికి దిగాలి. మా ప్లానులో ముందు గుంజ సరిగ్గా 16 అడుగుల కారు తలుపు నడిమధ్యకి వచ్చింది! అంటే ఆ బరువంతా తలుపు మీది హెడర్ (అడ్డ దూలం) మోయాలి. ఇంజనీరు లెక్క కట్టకుండా దాని సైజు ఎవరు చెప్పినా వినకండి.

అటక ట్రస్సులో, అంటే మధ్యలో గదికి ఖాళీ వదిలి చేసిన ట్రస్సులో, ఫ్లోరూ కప్పూ ఒకే ముక్క, గోడల మీద ఆ తోపుడు ఉండదు, కింద కార్ల మధ్య స్తంభమూ అక్కర్లేదు. గది మాత్రం గ్యారేజీ వెడల్పులో సుమారు సగమే, క్రేన్ ఖర్చు అదనం. అయినా నా ఓటు దీనికే.

గోడలకు టూ బై ఫోర్ కాకుండా టూ బై సిక్స్ (పేరుకు 2 అంగుళాలకు 6 అంగుళాల చెక్క) వాడండి. పై గదికి ఏసీ, హీటర్ పెట్టేటప్పుడు గోడలో ఇన్సులేషన్ ఆర్-13 బదులు ఆర్-21 పడుతుంది (ఆర్ అంకె ఎంత పెద్దదైతే వేడిని అంత బాగా ఆపుతుంది).

ట్రస్ వచ్చాక ఇంజనీరు రాసివ్వకుండా ఒక్క బద్ద కూడా కోయకూడదు. అందుకే మెట్లు ఎక్కడ, ఏసీ గొట్టం ఎటు అన్నది ఆర్డరుకు ముందే డ్రాయింగులో గీయించుకోండి.